ఒక్క వానకాలం పరిశోధన

జంతుశాస్త్రంలో పీజీ స్థాయి పరిశోధన అంటే మన విశ్వవిద్యాలయాల్లో చాలాకాలం ఎం.ఫిల్. అనే అర్థం. ఎమ్మెస్సీ అయ్యాక, పీహెచ్‌డీలోకి దిగే ముందు, ఒక గైడు దగ్గర ఏడాదో ఏడాదిన్నరో ఉండి, చిన్న సమస్యనొకదాన్ని పట్టుకుని లఘు సిద్ధాంత వ్యాసం రాసే చదువు అది. 2016 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం దాని గడువు కనీసం రెండు సెమిస్టర్లు, మించితే నాలుగు. జాతీయ విద్యావిధానం 2020 ఈ మెట్టు అక్కర్లేదంది. 2022 నవంబరులో వచ్చిన పీహెచ్‌డీ నిబంధనలు విశ్వవిద్యాలయాలు ఎం.ఫిల్. నడపరాదని తేల్చేశాయి. అయినా కొన్నిచోట్ల ప్రవేశ ప్రకటనలు ఆగకపోవడంతో 2023 డిసెంబరులో యూజీసీ మరోసారి హెచ్చరించాల్సి వచ్చింది. అంతకుముందు ఆ పట్టా పుచ్చుకున్నవారి చదువుకు మాత్రం ఢోకా లేదు.

ఎం.ఫిల్. పోయినందుకు కన్నీరు పెట్టాల్సినంత ఘనచరిత్ర దానికి లేదు. డిగ్రీ కాలేజీ అధ్యాపకుల ఇంక్రిమెంట్లకూ నెట్ మినహాయింపులకూ అదొక దగ్గరిదారిగా మారిన రోజులున్నాయి. దూరవిద్యలో కూడా ఇస్తుంటే 2009లో యూజీసీ అడ్డుకట్ట వేసింది. కానీ పరిశోధన తన ఒంటికి సరిపడే పనో కాదో తేల్చుకోవడానికి, తప్పులు చేసి దిద్దుకోవడానికి పీహెచ్‌డీ కంటే చౌకైన చోటు విద్యార్థికి అదొక్కటే ఉండేది. ఇప్పుడా పని ఎమ్మెస్సీ లోపలే జరగాలి. 2024 జూన్‌లో యూజీసీ ప్రకటించిన పీజీ పాఠ్యప్రణాళిక చట్రం అందుకు వీలు కల్పించింది. మూడేళ్ల డిగ్రీతో వచ్చినవారికి రెండేళ్ల పీజీ ఉంటుంది, అందులో రెండో ఏడాది మొత్తాన్ని పరిశోధనకే ఇవ్వవచ్చు. నాలుగేళ్ల ఆనర్స్ చదివినవారికి ఏడాది పీజీ చాలు, అది పూర్తిగా పరిశోధనే అయినా అభ్యంతరం లేదు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులుంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హత ఉంటుంది. కాగితం మీద చక్కగా అమరిన ఈ లెక్కలో ఏడాది అంటే అన్నిచోట్లా పన్నెండు నెలలే. అనంతపురం పీఠభూమి మీద జంతువుల లెక్క వేరు.

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే బరువు దించుకుని వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతం వాయుగుండాలు ఇక్కడికి చేరేలోపు నీరసిస్తాయి. రెండు రుతుపవనాలూ ఉన్నట్టే ఉండి, రెండూ చాలని నేల ఇది. ఎక్కువ వాన సెప్టెంబరు ప్రాంతంలో పడుతుంది. పైనంతా నిస్సారమైన ఎర్రనేల, దాని కిందనే రాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లా అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాలుగా చీలింది కానీ కరవు రెండింటికీ ఉమ్మడి ఆస్తిగానే మిగిలింది. ఇలాంటిచోట జీవులు బతికేది వానలేని నెలలను దాటవేసే నేర్పుతో. మట్టిలో దాగి, గుడ్డుగానో ప్యూపాగానో నిద్రపోయి, తొలి తడికి మేలుకోవడం వాటి జీవనవిధానం. జంతుశాస్త్ర విద్యార్థికి ఇంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు. చిక్కల్లా ఆ ప్రయోగశాల ఏటా కొన్ని రోజులే తెరుచుకుంటుంది. ఒక్కో ఏడాది అసలు తెరుచుకోదు.

జిల్లాలో ఉన్నత పరిశోధనకు ప్రధాన స్థానం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1968లో అనంతపురంలో పెట్టిన పీజీ కేంద్రమే 1981లో సొంత విశ్వవిద్యాలయమైంది. జంతుశాస్త్ర శాఖతో పాటు పట్టుపరిశ్రమకు విడిగా శాఖ ఉండటం ఈ ప్రాంతానికి తగిన ఏర్పాటు. రాష్ట్రంలో పీజీ ప్రవేశాలన్నీ 2021 నుంచి ఉమ్మడి పరీక్ష ద్వారా జరుగుతున్నాయి. పరీక్ష, ఫలితాలు, కౌన్సెలింగ్ ముగిసి విద్యార్థి బెంచీ మీద కూర్చునేసరికి మృగశిర, ఆరుద్ర కార్తెలు రెండూ వెళ్లిపోతాయి. ఇక సిద్ధాంత వ్యాసానికి సాధారణంగా కేటాయించే నాలుగో సెమిస్టరు సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా మొదలై ఎండాకాలంలో ముగుస్తుంది. పొలాల్లో పురుగు లేచే కాలమంతా విద్యార్థి తరగతి గదిలో ఉంటాడు. అతను పొలానికి వెళ్లే కాలమంతా పురుగు మట్టిలో ఉంటుంది. సెమిస్టర్లు కార్తెలను చూసి పెట్టినవి కావు మరి.

ఈ ఎడం ఎంత ఖరీదైనదో ఎర్ర గొంగళి పురుగు చూపిస్తుంది. వేరుశనగ రైతుకు తరతరాల శత్రువు, శాస్త్రీయంగా ఆమ్సాక్టా ఆల్బిస్ట్రైగా. గట్టి వాన పడిన రెండు మూడు రోజుల్లో సాయంత్రం చీకటి పడుతుండగా రెక్కల పురుగులు మట్టిని చీల్చుకుని పైకి వస్తాయి. ఆడపురుగు ఆకుల అడుగున వందలకొద్దీ గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు మొదట గుంపుగా ఆకును గీకి తిని, ఒంటి నిండా ఎర్రటి వెంట్రుకలు పెరిగాక చేను వదిలి పక్క చేనికి దండుగా నడుస్తాయి. రైతులు చేను చుట్టూ చాలు తీసి, జిల్లేడు, ఆముదం కొమ్మలు ఎరగా పరిచి వాటిని ఆపాలని చూస్తారు. తిండి ముగిశాక గెనిమల కింద, చెట్ల నీడన మట్టిలోకి దిగి ప్యూపాగా మారితే మళ్లీ పైకి రావడానికి తొమ్మిది పది నెలలు పడుతుంది. పరిశోధకుడికి ఇందులో ఎన్నో ప్రశ్నలున్నాయి. ఎన్ని మిల్లీమీటర్ల వానకు పురుగు లేస్తుంది? చిన్న వాన పడి ఆగిపోతే మేలుకున్నవి ఏమవుతాయి? మట్టిలో ఎంత లోతున ఉన్నవి ముందు లేస్తాయి? వీటికి జవాబు కావాలంటే తొలి వాన పడిన రాత్రి దీపపు ఎర దగ్గర మనిషి ఉండాలి. అడ్మిషన్ రసీదు ఇంకా చేతికి రాని విద్యార్థి ఆ రాత్రి అక్కడ ఉండడు.

ఆరుద్ర పురుగుదీ ఇదే కథ. మఖమల్ గుడ్డలా మెత్తగా, కుంకుమ రంగులో తడినేల మీద తిరిగే ఈ జీవిని పల్లెటూరి పిల్లలందరూ అరచేతిలో పెట్టుకుని చూసినవారే. పేరుకు పురుగే కానీ కీటకం కాదు. ఎనిమిది కాళ్లున్న నల్లి జాతి ప్రాణి, సాలీళ్లకు చుట్టం. గుడ్డు నుంచి వచ్చిన పిల్లకు ఆరే కాళ్లుంటాయి, అది మిడతల వంటి కీటకాలను పట్టుకుని వాటి రసం పీల్చి బతుకుతుంది. పెద్దదయ్యాక మట్టిలోనే కాలం గడిపి, ఏడాదికోసారి కొద్దిరోజులు పైకి వస్తుంది. కార్తె పేరే పేరుగా పెట్టుకున్న జీవి ఇది. మన ముందుతరాల రైతులు దాన్ని ఎంత క్రమంగా గమనించారో ఆ పేరే చెబుతుంది.

అలాగని నాలుగో సెమిస్టరు వృథా అనుకోనక్కర్లేదు. పైకి వచ్చిన పురుగును చూడలేనివాడు మట్టిలో ఉన్నదాన్ని లెక్కపెట్టవచ్చు. ఫిబ్రవరిలో ఒక వేపచెట్టు కింద మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం పరిచి, జానెడు లోతు మట్టి తవ్వి జల్లెడ పడితే, ముదురు గోధుమ రంగు ప్యూపాలు బయటపడతాయి. గెనిమకు దగ్గరగా ఒకటి, నడి చేనులో ఒకటి, నీడన ఒకటి, ఎండలో ఒకటి, ఇలా చట్రాలు మార్చి ఎక్కడ ఎన్ని ఉన్నాయో రాస్తే, తర్వాత జూన్‌లో ఎక్కడి నుంచి దండు లేస్తుందో ముందే అంచనా కట్టే వీలుంటుంది. జల్లెడ, కొలటేపు, సీసాలు తప్ప దీనికి పరికరాలేవీ అక్కర్లేదు. సీసాలోని 70 శాతం ఆల్కహాలులో నమూనాతో పాటు వేసే చీటీని పెన్సిల్‌తోనే రాయాలి. పెన్ను సిరా ఆల్కహాలులో కరిగి, నాలుగు నెలల తర్వాత తెల్లకాగితం మిగులుతుంది. ఏ పాఠ్యపుస్తకం కంటే బాగా ఈ సంగతిని ఒక పాడైపోయిన సీసా నేర్పుతుంది.

ఎండాకాలపు సెమిస్టరుకు అతికినట్టు సరిపోయే విషయం ఇంకొకటి ఉంది. శ్రీసత్యసాయి జిల్లా చిలమత్తూరు మండలం వీరాపురం గ్రామంలో ఏటా పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఊరి మధ్య చెట్ల మీద గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. పత్రికలు వీటిని సైబీరియా కొంగలని రాస్తుంటాయి కానీ సైబీరియాతో వీటికి ఏ సంబంధమూ లేదు, ఇవి భారత ఉపఖండం, ఆగ్నేయాసియా పక్షులు. ముక్కును కొద్దిగా తెరిచి నీటిలో ముంచి, తగిలిన చేపను తటాలున పట్టుకోవడం వీటి వేట పద్ధతి. కాబట్టి లోతులేని నీళ్లున్న చెరువు వీటికి కంచంలాంటిది. ఏ చెరువు ఎప్పుడు ఎండింది, గూటిలో ఎన్ని పిల్లలు ఎగిరే వయసుకు వచ్చాయి అన్న రెండు లెక్కలను పక్కపక్కన పెట్టగలిగితే, బైనాక్యులర్‌తో చేసిన పరిశోధనే అయినా విలువైన సిద్ధాంత వ్యాసమవుతుంది.

పొలంలో జరిగే చిన్న విషయాన్ని సరిగా చూడటం ఎంత పెద్ద ప్రశ్నకు జవాబిస్తుందో ఈ జిల్లా 2000 సంవత్సరంలో చూసింది. ఆ ఖరీఫ్‌లో వేరుశనగ మొక్కలు మొవ్వు నుంచి కాండం దాకా మాడిపోయి లక్షల ఎకరాలు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్ల రూపాయలకు పైనేనని అంచనా వేశారు. చూడటానికి పాత మొవ్వుకుళ్లు తెగులులాగే ఉంది. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించి, ఇది వేరు, పొగాకులో కనిపించే టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేల్చారు. జంతుశాస్త్రానికి సంబంధించిన ముడి ఇక్కడే ఉంది. మొవ్వుకుళ్లు వైరస్ తామర పురుగు ఒంట్లోనే పెరిగి, దాని లాలాజలంతో మొక్కకు చేరుతుంది. ఈ కొత్త వైరస్ తామర పురుగు ఒంట్లోకి వెళ్లదు. బీడుల్లో, గట్ల మీద విరగబూసే వయ్యారిభామ పుప్పొడిలో ఉంటుంది. ఆ పుప్పొడి పురుగు ఒంటికి అంటుకునో గాలికి ఎగిరో వేరుశనగ ఆకు మీద రాలుతుంది. అదే ఆకును తామర పురుగు గీకినప్పుడు ఆ గాటులోంచి వైరస్ లోపలికి దిగుతుంది. అంటే పురుగు ఇక్కడ కేవలం కత్తి, విషం పువ్వుది. మందు కొట్టాల్సింది ఎంతో, వయ్యారిభామను పూతకు ముందే పీకాల్సింది ఎంతో ఈ తేడా మీదే ఆధారపడింది. కీటకం నోటి నిర్మాణం, దాని తిండి తీరు అన్న ఎమ్మెస్సీ మొదటి సెమిస్టరు పాఠానికి ఇంతకంటే ఖరీదైన ఉదాహరణ లేదు.

అనంతపురం పేరు ప్రపంచ జంతుశాస్త్రంలో మరో రెండు చోట్ల ఉంది. రెండూ పరిశోధన పద్ధతి గురించి చెప్పే కథలే. గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన ఒక సాలీడును లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే రెజినాల్డ్ పోకాక్ 1899లో పీసిలోథీరియా మెటాలికా అని వర్ణించాడు. లోహపు మెరుపున్న నీలి రంగు టారంటులా అది. లోకమంతా గుత్తి సాలీడనే పిలిచింది. శతాబ్దం పాటు మళ్లీ ఎవరికీ కనపడలేదు. 2001లో అది దొరికింది గుత్తిలో కాదు, అక్కడికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో నంద్యాల, గిద్దలూరుల మధ్య నల్లమల అడవిలో, పెద్ద చెట్ల తొర్రల్లో. గుత్తికి అది కలప దుంగలతో రైలెక్కి వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల భావన. చీటీ మీద రాసిన ఊరు జీవి ఊరు కాకపోవచ్చు. ఎక్కడ దొరికిందో రాయడంతో పాటు ఏ చెట్టు, ఏ ఎత్తు, పక్కన ఏముంది అని నోట్‌బుక్కులో రాయాలని గైడ్లు అందుకే సతాయిస్తారు. ఇప్పుడది తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల ఎర్రజాబితాలో ఉంది. అందమే దానికి శాపమైంది, పెంపుడు జంతువుల విపణిలో దానికి విదేశీ గిరాకీ ఎక్కువ.

రెండోది కలివికోడి. టి.సి. జెర్డన్ 1848లో లోకానికి చూపిన ఈ పక్షిని 1900లో అనంతపురం దగ్గర పెన్నా పరివాహకంలో హోవార్డ్ కాంప్‌బెల్ చూశాడు. ఆ తర్వాత ఎనభై ఆరేళ్లు జాడ లేదు. గాలించినవారంతా పగలు గాలించారు, పక్షేమో రాత్రి తిరిగేది. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు దాన్ని పట్టి ఇచ్చింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. ఆ తర్వాతి పరిశోధనలో వాడిన పద్ధతుల్లో ఒకటి మరీ సులువైనది. పొదల మధ్య మెత్తటి మట్టి జల్లి, ఉదయాన్నే దాని మీద పడిన కాలిముద్రలు చూడటం. గొర్రెల కాపరి ఈ పని రోజూ చేస్తాడు, దాన్ని ముద్రల చదువు అని అనడు అంతే. రాష్ట్రంలో గొర్రెలు ఎక్కువగా ఉన్న ప్రాంతం ఇది. తోడేలు ఎటు తిరిగిందో, ఎలుగుబంటి ఏ గుట్ట దిగిందో వారికి తెలిసినంత ఏ డేటాబేస్‌లోనూ లేదు. పద్ధతుల అధ్యాయంలో వారి పేరుకు రెండు పంక్తులైనా దక్కడం న్యాయం.

ప్రయోగశాల దారి పట్టేవారికి హిందూపురం వైపు అవకాశాలున్నాయి. ఆసియాలోనే పేరున్న పట్టుగూళ్ల మార్కెట్లలో ఒకటి అక్కడిది. దగ్గరలోని కిరికెరలో రాష్ట్ర పట్టుపరిశ్రమ పరిశోధన, అభివృద్ధి సంస్థ ఉంది. ఎక్కువ పట్టునిచ్చే బైవోల్టీన్ పురుగు చల్లని గదుల బిడ్డ, ఇక్కడి ఎండను తట్టుకోలేదు. తట్టుకునే జాతి పట్టు నాణ్యత తక్కువ. ఈ రెంటి మధ్య రాజీ కుదిర్చే సంకరాల కోసం చేసే పనిలో విద్యార్థికీ చోటుంటుంది. 1980లో కర్ణాటకలోకి పొరపాటున వచ్చిన ఊజి ఈగ ఇంకో సమస్య. పట్టుపురుగు చర్మం మీద గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలికి దూరినచోట నల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చను చూసేసరికే పురుగు చేజారిపోయినట్టు. పట్టుపురుగుకు మరో గుణం ఉంది. దాని కార్తె మల్బరీ ఆకు మాత్రమే, కాబట్టి ఏ సెమిస్టరులోనైనా దొరుకుతుంది.

జంతుశాస్త్ర శాఖల అలవాటైన మరో దారి చేపల మీద పురుగుమందుల పరీక్ష. తొట్టిలో చేపలు వేసి, 96 గంటల్లో సగం చచ్చే మోతాదు కనిపెట్టి, కాలేయంలో ఎంజైముల హెచ్చుతగ్గులు కొలిచి పట్టికలు వేయడం. పద్ధతి తప్పు కాదు. కానీ మందు పేరు మార్చి, చేప పేరు మార్చి అదే ప్రయోగాన్ని దేశమంతటా దశాబ్దాలుగా చేస్తున్నారు. ఏడాదిలో నమ్మకంగా ముగుస్తుందన్నదే దీని ఆకర్షణ. ఇలా గడువే విషయాన్ని ఎంపిక చేయడం మొదలైతే వానమీద ఆధారపడే ప్రశ్నలు ఎవరూ ముట్టుకోరు.

అనుమతుల సంగతి ముందుగా చూసుకోకపోతే ఏడాదిలో సగం అక్కడే పోతుంది. ఎలుకలు, కుందేళ్ల మీద ప్రయోగానికి సంస్థ జంతు నైతికత కమిటీ ఆమోదం తప్పనిసరి. 2014 నుంచి యూజీసీ తరగతి గదుల్లో జంతువులను కోయడాన్నే ఆపించింది. రాష్ట్ర జంతువైన కృష్ణజింక వంటి రక్షిత జీవుల జోలికి వెళ్లాలన్నా, అభయారణ్యంలో నమూనాలు సేకరించాలన్నా వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద అటవీశాఖ అనుమతి కావాలి. ఆ ఫైలు కదిలే వేగానికీ సెమిస్టరు వేగానికీ పొంతన ఉండదు. అందుకే పొలం గట్టు మీద, చెరువు ఒడ్డున, పెరట్లో దొరికే సామాన్య జీవులను ఎంచుకునేవారే సకాలంలో గట్టెక్కుతారు.

డబ్బు విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు, ఎందుకంటే ఉండేదే క్లుప్తం. నెలకు 37,000 రూపాయల జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెట్ గెలిచి పీహెచ్‌డీలో చేరినవారికే. పీజీ విద్యార్థి బస్సు చార్జీ, ఆల్కహాలు, సీసాలు తానే కొనుక్కోవాలి. పైగా సీఎస్‌ఐఆర్ నెట్‌లో జంతుశాస్త్రానికి సొంత పేపరు లేదు, జీవశాస్త్రాలన్నింటికీ ఒకటే. అందులో అణు జీవశాస్త్రం, జన్యుశాస్త్రాలకు ఉన్న పెద్దపీట పొలంలో తిరిగే శాస్త్రానికి లేదు. 2024 నుంచి పీహెచ్‌డీ ప్రవేశాలకూ నెట్ స్కోరే ఆధారమవుతుండటంతో, రాత్రి దీపపు ఎర దగ్గర గడిపిన విద్యార్థి పగలు కోచింగ్ మెటీరియల్ చదువుకోక తప్పదు. జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్, మత్స్య, పట్టుపరిశ్రమ శాఖల ఉద్యోగాల ప్రకటన ఎప్పుడు వస్తుందన్నది వాన కంటే అనిశ్చితం.

ఒక్క విద్యార్థికి ఒక్క వానకాలమే చిక్కుతుందన్న చిక్కును విద్యార్థి విప్పలేడు, శాఖ విప్పగలదు. పొలంలో పది గెనిమలు ఎంచి, వాటికి నంబర్లు వేసి, ఏటా ఒక విద్యార్థి చేత అవే చట్రాలు, అదే జల్లెడ, అదే లోతు కొలిపిస్తే చాలు. ఈ ఏటి విద్యార్థి ఫిబ్రవరిలో లెక్కించిన ప్యూపాలు జూన్‌లో ఏమయ్యాయో వచ్చే ఏటి విద్యార్థికి రిజిస్టరులో దొరుకుతాయి. తొలి వాన రాత్రి దీపం పెట్టే పని అప్పటికి రెండో ఏడాదిలోకి వచ్చిన సీనియరుకు అప్పగించవచ్చు. వాన పడని ఏడాది రాసిన సున్నా కూడా ఆ వరుసలో ఒక కొలతే, ఒంటరి సిద్ధాంత వ్యాసంలో మాత్రమే అది వైఫల్యంగా కనిపిస్తుంది. పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలు శోధ్‌గంగలో అందరికీ దొరుకుతాయి. పీజీ వ్యాసాలకు అలాంటి తప్పనిసరి ఏర్పాటు లేదు, వైవా ముగిశాక అవి శాఖ బీరువాలోకి చేరతాయి. బీరువాలో కావాల్సింది వాటి పక్కనే ఒక లావుపాటి రిజిస్టరు. తేదీ, వాన మిల్లీమీటర్లు, గెనిమ నంబరు, పురుగుల సంఖ్య అని నాలుగు గడులు గీసి, మొదటి పేజీలో పెన్సిల్‌తో ఒక పేరు రాసి ఉన్నది.